జ్వరంతో ఆడితే చప్పట్లెందుకు?

పారిస్ ఒలింపిక్స్ ముగిసి ఇంతకాలమైనా ఆ వీడియో నా ఫీడ్‌లో తిరుగుతూనే ఉంది. 2024 ఆగస్టు 8, పురుషుల 200 మీటర్ల ఫైనల్. అమెరికా పరుగు వీరుడు నోవా లైల్స్ 19.70 సెకన్లలో మూడో స్థానంలో వచ్చి, ట్రాక్ మీద పడిపోయి ఊపిరందక అల్లాడుతుంటే వీల్‌చెయిర్‌లో తీసుకెళ్లారు. రెండు రోజుల ముందే కొవిడ్ పాజిటివ్ అని తేలింది. పైగా చిన్నప్పటి నుంచీ ఆస్తమా. పక్క లేన్లవాళ్లకు ఆ సంగతి చెప్పనేలేదు. కింద కామెంట్లు చూస్తే "సింహం", "కసి అంటే ఇదీ". నాకు ఒళ్లు మండిపోతుంది.

లైల్స్ మీద కాదు నా కోపం. పెద్దవాడు, చుట్టూ డాక్టర్లున్నారు, నాలుగేళ్లకోసారి వచ్చే రేసు. అతని లెక్క అతనిది. ఆ చప్పట్లు విని, పన్నెండేళ్ల పిల్లాడికి జ్వరం బిళ్ళ వేసి కోర్టులోకి తోసేవాళ్లతోనే నా గొడవంతా.

ఆదివారం ఏ జిల్లా బ్యాడ్మింటన్ టోర్నమెంటుకైనా వెళ్లండి. "పొద్దున ఒక డోలో వేశాం సార్, ఇప్పుడు బానే ఉన్నాడు" అని గర్వంగా చెప్పే నాన్న ఒకరైనా కనిపిస్తారు. అయ్యా, బిళ్ళతో తగ్గింది వేడి. వైరస్ లోపలే ఉంది. ఇంకొందరు వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్, మూడు రోజుల యాంటీబయాటిక్ వేయించి తెస్తారు. యాంటీబయాటిక్ బ్యాక్టీరియాను చంపుతుంది గానీ వైరస్‌ను ఏమీ చేయలేదు.

అసలు భయం గుండె గురించి. కొన్ని వైరస్‌లు గుండె కండరానికి వాపు తెస్తాయి, దాన్ని మయోకార్డైటిస్ అంటారు. అరుదే, కానీ ఆ స్థితిలో ఒళ్లు హూనమయ్యేలా ఆడితే గుండె లయ తప్పి ప్రాణం మీదికి రావచ్చు. 2022 జనవరిలో బేయర్న్ మ్యూనిక్ ఫుట్‌బాల్ ఆటగాడు అల్ఫాన్సో డేవిస్‌కు కొవిడ్ తర్వాత చేసిన పరీక్షల్లో ఇది స్వల్పంగా బయటపడింది. దాదాపు మూడు నెలలు ఆడనివ్వలేదు. పరీక్ష చేశారు కాబట్టి తెలిసింది. మన దగ్గర వైరల్ ఫీవర్ నుంచి లేచిన కుర్రాడికి ఛాతీలో నొప్పి, గుండె దడ అంటే ఈసీజీ తీయించే కోచ్‌లు ఎంతమంది? "స్టామినా పోయిందిరా, ఇంకో రెండు రౌండ్లు కొట్టు" అనేవాళ్లే ఎక్కువ.

బ్యాడ్మింటన్ ఆటగాడు హెచ్.ఎస్. ప్రణయ్ సంగతి మనకింకా దగ్గర. హైదరాబాద్‌లో గోపీచంద్ అకాడమీలో ఏళ్లుగా సాధన చేసినవాడు. పారిస్‌కు ముందు చికున్‌గున్యా పట్టుకుంది. కీళ్లను వారాలు, ఒక్కోసారి నెలలు వదలని జబ్బు అది. బ్యాడ్మింటన్ మొత్తం మోకాళ్లు, మణికట్టు మీదే కదా. అలాగే ఆడాడు. వియత్నాం ఆటగాడితో మూడు గేములు ఆడి గెలిచిన మర్నాడే లక్ష్య సేన్ చేతిలో 21-12, 21-6తో ఓడిపోయాడు. ఎన్నేళ్ల కష్టమో, ఒక దోమ కాటుకు పోయింది. 2023 ప్రపంచకప్‌లో శుభ్‌మన్ గిల్ డెంగీతో మొదటి రెండు మ్యాచ్‌లకు దూరమయ్యాడని కూడా గుర్తు చేసుకోండి. ఈ దోమలు పగలు కుడతాయి. ప్రాక్టీసు హాలు చుట్టూ పాత టైర్లలో, కూలర్లలో నీళ్లు నిలవకుండా చూడటం కూడా స్పోర్ట్స్ సైన్సే.

డెంగీ సీజన్లో ఇంకో ప్రమాదముంది. జ్వరంతో ఒళ్లు నొప్పులని కిట్ బ్యాగులోని డైక్లోఫెనాక్, బ్రూఫెన్ మింగేస్తారు. డెంగీ కాదని తేలేదాకా వాటి జోలికి పోకూడదు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. జలుబు మందులు మరో తంటా. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 16 ఏళ్ల రుమేనియా జిమ్నాస్ట్ ఆండ్రియా రదుకాన్ టీమ్ డాక్టర్ ఇచ్చిన జలుబు మాత్ర వల్ల డోపింగ్ పరీక్షలో దొరికి స్వర్ణం పోగొట్టుకుంది. అందులోని సూడోఎఫెడ్రిన్ అనే మందుకు పోటీల సమయంలో ఇప్పటికీ పరిమితి ఉంది.

చేయాల్సినవేమీ పెద్ద ఖర్చువి కావు. ఫ్లూ టీకా ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు వేయించాలి, పనిచేయడానికి ఆపాటి టైం పడుతుంది. నిద్ర తగ్గనివ్వకూడదు. ఎవరి సీసా వాళ్లదే. (ఇంట్లో ఎంగిలి అని అంత పట్టింపున్న పిల్లలు కోర్టు పక్కన ఒకే బాటిల్ నోట పెట్టుకుని తాగుతుంటే వాళ్ల అమ్మమ్మలు చూడాలి.) ముక్కు కారడం, తుమ్ముల వరకే అయితే విడిగా, తేలికగా ఆడొచ్చు. జ్వరం, ఒళ్లు నొప్పులు, ఛాతీలో దగ్గు ఉంటే రాకెట్ ముట్టుకోవద్దు. బిళ్ళ వేయకుండా జ్వరం పూర్తిగా పోయాకే, అదీ కొంచెం కొంచెంగా మొదలుపెట్టాలి.

టోర్నమెంట్లు నడిపేవాళ్లకూ ఒక మాట. చాలాచోట్ల జ్వరమొచ్చి తప్పుకుంటే ఎంట్రీ ఫీజు తిరిగి రాదు. కట్టిన డబ్బు పోతుందనే చాలామంది తల్లిదండ్రులు పిల్లల్ని దింపుతున్నారు. డాక్టర్ చీటీ చూపిస్తే ఫీజు వెనక్కిచ్చేయండి, వచ్చే టోర్నమెంటు నుంచే.