దయ్యానికి సవరం కావలెను

(తిరుపతి బైరాగిపట్టెడలో ఒక అద్దె ఇల్లు. మిట్ట మధ్యాహ్నం. కిటికీలన్నిటికీ దుప్పట్లు కట్టి ఉన్నాయి. కొండ మీదికి బస్సు నడిపే బావ రాత్రి డ్యూటీ దిగి లోపలి గదిలో నిద్రపోతున్నాడు. తమ్ముడు, అతని స్నేహితులు కలిసి దయ్యం సినిమా తీస్తున్నారు. స్నేహితులు టీ తాగడానికి బయటికి పోయారు. అక్క గొంతు వినగానే పోయారు అంటే ఇంకా నిజంగా ఉంటుంది.)

అక్క: రేయ్, ఫ్రిజ్‌లో బండి తాళాలు ఎందుకున్నాయి?

తమ్ముడు: అది టెక్నిక్ అక్కా. ఫ్రిజ్ గుర్రుమంటే మైకులో పడుతుంది. అందుకని షూటింగప్పుడు ఆపేస్తాం. మళ్ళీ వేయడం మర్చిపోకుండా తాళాలు లోపల పెడతాం. తాళాల్లేకుండా ఇంటికి పోలేం కదా, వెతుక్కుంటూ ఫ్రిజ్ తెరుస్తాం, గుర్తొస్తుంది. సినిమావాళ్ళు చేసే పనే.

అక్క: వాళ్ళు షూటింగ్ అయినాక ఇంటికి పోతారు. నువ్వు రాత్రి ఇక్కడే పడుకున్నావు. తాళాలతో నీకేం పని? పాలు విరిగిపోయినాయి. దోసెల పిండి పొంగి వంకాయల మీదికి వచ్చింది.

తమ్ముడు: విరిగిన పాలలో కొంచెం చక్కెర వేస్తే...

అక్క: చక్కెర ఎక్కడుంది? డబ్బా ఖాళీ.

తమ్ముడు: నెత్తురుకు అయిపోయింది.

అక్క: ఏందీ?

తమ్ముడు: చక్కెర పాకం, ఎర్ర రంగు, కొంచెం కాఫీ డికాక్షన్. ఉత్త ఎరుపైతే కెమెరాలో షర్బత్ మాదిరి కనిపిస్తుంది. డికాక్షన్ పడితేనే నెత్తురు నెత్తురులా ఉంటుంది.

అక్క: ఓహో. హాల్లో ఆ అడుగుల మీద చీమలు సర్వదర్శనం క్యూ కట్టింది అందుకా! నీ కథలో దయ్యం ఎటు పోయిందో తెలియక హీరో సినిమా అంతా వెతుకుతాడు అన్నావు కదా. చీమల వెనకే పొమ్మను, పది నిమిషాల్లో అయిపోతుంది.

తమ్ముడు: ఎగతాళి చెయ్యి. కళ ఎప్పుడూ ఇంట్లోవాళ్ళకు ఎగతాళే.

అక్క: వాకిట్లో దిష్టికి కట్టిన బూడిద గుమ్మడికాయ ఏమైంది?

తమ్ముడు: (గొంతు సవరించుకొని) 1960లో హిచ్‌కాక్ సైకో తీసినప్పుడు, కత్తిపోటు చప్పుడు కోసం రకరకాల ఖర్బూజాలు తెప్పించి, కళ్ళు మూసుకొని ఒక్కొక్కటీ పొడిపించి విన్నాడు. అందులో ఒకటి ఎంచుకున్నాడు. నెత్తురుకేమో చాక్లెట్ సిరప్. బ్లాక్ అండ్ వైట్ కాబట్టి సరిపోయింది.

అక్క: నేనడిగింది మన గుమ్మడికాయ సంగతి.

తమ్ముడు: అదే చెప్తున్నా. పొడిచినాం.

అక్క: ఆయన పొడిచింది అంగట్లో కొన్న కాయ. నువ్వు పొడిచింది ఇంటికి దిష్టి తగలకుండా కట్టిన కాయ! మునక్కాయలు కూడా పొడిచినారా?

తమ్ముడు: లేదు, విరిచినాం. మైకు దగ్గర పెట్టి విరిస్తే అచ్చం మెడ విరిగినట్టే ఉంటుంది.

అక్క: సాంబార్లోకి తెచ్చుకున్న మెడలురా అవి. డబ్బులు పెట్టి కొనలేరా?

తమ్ముడు: మొత్తం బడ్జెట్ 12 వేలు. మైకు అద్దె, లైట్ల అద్దె పోగా మిగిలింది బిర్యానీకి.

అక్క: బిర్యానీకి ఎంత?

తమ్ముడు: ఏడు వేలు. అట్లా చూడొద్దు అక్కా, ఎవరికీ జీతాల్లేవు, కూడన్నా పెట్టాలి కదా. అమెరికాలో ఓరెన్ పెలి అని ఒకాయన, అంతకుముందు సినిమా తీసినవాడే కాదు, శాన్‌డియేగోలో సొంత ఇంట్లోనే, దగ్గర దగ్గర 15 వేల డాలర్లతో, వారంలో పారానార్మల్ యాక్టివిటీ తీసినాడు. పడగ్గదిలో స్టాండు మీద కెమెరా పెట్టి, నిద్రపోయేవాళ్ళను చూపించినాడు, అంతే. 2009లో థియేటర్లకు వస్తే కోట్ల డాలర్లు వచ్చినాయి.

అక్క: సొంత ఇల్లు అంటివి కదా. మాది అద్దె ఇల్లు. పైన ఓనరమ్మ ఉంది. ఆగు... నిద్రపోయేవాళ్ళను చూపించినాడు అంటివి. నువ్వు మీ బావను గానీ తీసినావా?

తమ్ముడు: ఛ, తీయలేదు. (కాసేపు ఆగి) రికార్డు చేసినా. గురక. స్పీడు సగానికి తగ్గించి వింటే గుండె ఆగిపోతుంది. వింటావా?

(వినిపిస్తాడు. అక్క ముఖంలో ఏ మార్పూ లేదు.)

అక్క: పెండ్లయినప్పటి నుంచి వింటున్నా. ఫుల్ స్పీడులో.

తమ్ముడు: ఇంట్లో తీసేది నాకూ ఇష్టం లేదు. చంద్రగిరి కోటలో రాజమహల్ ముందు తీయాలని నా కల. పురావస్తు శాఖ పర్మిషన్ కావాలి, ఫీజు కట్టాలి.

అక్క: బిర్యానీ మానుకోండి.

తమ్ముడు: అలిపిరి పక్కన అడివిలో తీద్దామంటే...

అక్క: అక్కడ దయ్యాలున్నాయో లేదో గానీ చిరుతపులులైతే ఉన్నాయి. అవి యాక్షన్ అని చెప్పేదాకా ఆగవు.

తమ్ముడు: సరే, రాత్రి రెండుకు మన వీధిలోనే తీసినాం. దయ్యం మెల్లగా తల ఎత్తింది. సరిగ్గా అప్పుడే కొండకు నడిచిపోయే జనం, 'గోవిందా గోవింద' అని. ప్రతి టేకులోనూ గోవిందా! ఆ పేరు వినబడుతుంటే దయ్యం అక్కడ నిలబడి ఏం చేస్తుంది? కథే చెడిపోతుంది. ఈ ఊరు నిద్రపోదు అక్కా. చీకటీ ఉండదు, నిశ్శబ్దమూ ఉండదు. అందుకే పగలు దుప్పట్లు కట్టి, వెలుతురు తగ్గించి, కెమెరాలో నీలం రంగు పెంచి రాత్రి చేస్తున్నాం.

అక్క: మొన్న మీ దయ్యం తెల్లచీరతో మెట్ల మీద కూర్చొని ఫోను మాట్లాడుతుంటే ఓనరమ్మ చూసిందంట.

తమ్ముడు: (ఆశగా) జడుసుకుందా?

అక్క: 'గంగజాతర మే నెలలో కదా నాయనా, ఇప్పుడే ఆడవేషం కట్టినావేమి' అని చేతిలో పది రూపాయలు పెట్టి, దండం పెట్టుకొని పోయింది. ఆడవేషం కట్టిన మగోణ్ణి చూసి ఈ ఊర్లో ఎవరు భయపడతార్రా?

(తమ్ముడి ఫోను మోగుతుంది. తెరిచి చూసి అక్కడే నేల మీద కూలబడతాడు, సరిగ్గా పాకంలో.)

తమ్ముడు: అయిపోయింది.

అక్క: ఏమైందిరా? ఎవరికేమైంది?

తమ్ముడు: దయ్యం గుండు కొట్టించుకుంది.

అక్క: ఏందీ?

తమ్ముడు: నిన్న కొండకు పోయినాడు. మన సినిమా బాగా ఆడాలని మొక్కుకున్నాడంట. ఈ వేషం కోసమే భుజాల దాకా పెంచిన జుట్టక్కా! సగం సినిమాలో దయ్యానికి జుట్టుంది. ఇంగ మిగతా సగంలో?

అక్క: మూడు కత్తెరలు ఇచ్చి రాకూడదా వాడు?

తమ్ముడు: మగోడు గదా, సిగ్గుపడినాడంట.

అక్క: చీర కట్టడానికి లేని సిగ్గు! కల్యాణకట్టలో రోజూ కుప్పలు కుప్పలు జుట్టు. దేవస్థానం ఈ-వేలం పెట్టి అమ్ముతుంది. అట్లాంటి ఊర్లో ఉండి దయ్యానికి జుట్టు దొరకలేదా?

తమ్ముడు: అక్కా... నీ పెండ్లి సవరం బీరువాలోనే ఉంది కదా?

అక్క: దానికి పాకం తగిలిందంటే నిన్ను ఆ గుమ్మడికాయ మాదిరి చేస్తా. అయినా సవరం కట్టాలంటే తల మీద పిడికెడు జుట్టన్నా ఉండాలి కదరా. గుండుకు దేనికి కడతావు?

తమ్ముడు: రిబ్బను చుట్టి దానికి కడతాం. పైన ముసుగు. నువ్వే కట్టాలి, మాకు రాదు.

అక్క: పేర్లలో నా పేరు వేయాలి. కేశాలంకరణ అని.

తమ్ముడు: వేస్తా. అది సరే, నువ్వు దేనికీ భయపడవా? ఇంత తీసినాం, ఒక్కదానికీ ఉలిక్కిపడలేదు.

అక్క: ఎందుకు భయపడను? వానాకాలం రాత్రి, మీ బావ రావాల్సిన టైముకు రాడు. ఫోను రింగవుతుంది, ఎత్తడు. ఘాట్ రోడ్డులో బండరాళ్ళు పడినాయని పక్కింటి టీవీలో చెప్తారు. గేటు చప్పుడైతే లేచి పోతా. ఎవరూ ఉండరు. వచ్చి పడుకుంటే మళ్ళీ గేటు. అప్పుడు నీ పాకమూ అక్కర్లేదు, నీ మునక్కాయలూ అక్కర్లేదు.

తమ్ముడు: (చాలాసేపు మాట్లాడడు) గేటు చప్పుడు... ఎవరూ ఉండరు... అక్కా, ఒక్కసారి పోయి ఆ గేటు తీస్తావా? రికార్డు చేసుకుంటా.

అక్క: మొన్ననే మీ బావ దానికి నూనె వేసినాడు. చప్పుడు కాదు.

(ఇంకో గంట గడిచింది. దయ్యం వచ్చింది. హాలు చీకటి. అక్క ఒక మూల సాంబ్రాణి పొగ వేస్తోంది. ముసుగు కింద నుంచి సవరం నడుము దాకా వేలాడుతోంది. నిజం చెప్పాలంటే బాగానే ఉంది.)

తమ్ముడు: (గుసగుసగా) మెల్లగా తిరుగు... ఇంకా మెల్లగా... తల ఎత్తు...

(లోపలి గది తలుపు కిర్రుమంటుంది. బావ సగం నిద్రలో, లుంగీ సర్దుకుంటూ నీళ్ళ కోసం వస్తాడు. పొగలో దయ్యం ఆయనకు ఎదురుగా నిలబడుతుంది. సరిగ్గా అప్పుడే ముసుగు, రిబ్బను, సవరం మూడూ కలిసి జారిపోతాయి. గుండు తళతళా మెరుస్తుంది. బావ ఒక్క క్షణం చూసి, 'ఏమప్పా, దర్శనం బాగైందా? లడ్డు యాడ?' అంటాడు.)

తమ్ముడు: కట్! బావా, ఎదురుగా దయ్యం నిలబడి ఉంటే లడ్డు అడుగుతావా?

అక్క: అడగరా మరి? గుండు కొట్టించుకొని వట్టి చేతులతో వస్తే దయ్యాన్నయినా అడుగుతారు. ఒరేయ్, నువ్వు చెప్పు, తెచ్చినావా లేదా?

(దయ్యం కుచ్చిళ్ళలో చెయ్యి పెట్టి కవరు బయటికి తీస్తుంది.)

అక్క: చిన్నదేనా?