గాలిలో ఇంధనం, ఇంట్లో కరెంటు కోత

యుద్ధవిమానాల కంప్యూటర్ ఆటలో శత్రువును కూల్చడం కంటే గాలిలో ఇంధనం నింపుకోవడమే ప్రాణసంకటం. ఎఫ్-18 యుద్ధవిమానం ముక్కుకు కుడివైపు నుంచి బయటికి వచ్చే గొట్టాన్ని ట్యాంకరు విమానం వెనుక వేలాడే బుట్టలో గుచ్చాలి. ఇంజన్ జోరు పెంచే మీట థ్రాటిల్‌ను వెంట్రుకవాసి ఎక్కువ నెట్టినా బుట్టను దాటిపోతాము, కాస్త తగ్గిస్తే వెనకబడతాము. అదైనా ఓపిక పడితే అలవడుతుంది. నాకు ఒళ్లు మండేది ఆ మిషన్‌ను మధ్యలో సేవ్ చేసుకునే వీలు లేనందుకు. విజయనగరంలో వేసవి సాయంత్రం ఈదురుగాలి లేచిందంటే కరెంటు పోతుంది. సరిగ్గా ఇంధనం ఎక్కుతున్న క్షణంలోనే తెర నల్లబడుతుంది, మళ్ళీ ఇంజన్లు స్టార్టు చేయడం దగ్గర నుంచి మొదలుపెట్టాలి. ఇక బాంబర్ విమానాలకు కాపలా వెళ్లే మిషన్ సంగతి చెప్పనక్కర్లేదు: మనం ప్రాణాలకు తెగించి పోరాడుతుంటే అవి పెళ్లి ఊరేగింపులా నింపాదిగా సాగిపోతాయి, కూలితే మాత్రం ఓటమి మన ఖాతాలోనే పడుతుంది.