తెల్లచీర ఆమె పేరేమిటి?

విజయనగరం కోటకి దగ్గర్లో ఉన్న ఒక పాత మండువా లోగిలి ఫొటో ఈమధ్య మా వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరిగింది. రాత్రిపూట తీసింది. మేడమెట్ల దగ్గర తెల్లగా ఒక ఆకారం. తెల్లచీర దెయ్యమని పేరు పెట్టేశారు. రెండు రోజులు తిరక్కుండానే ఆ ఇంటి ముందు కుర్రాళ్లు బైకులు ఆపి సెల్ఫీలు దిగుతున్నారు.

ఫొటోని పెద్దది చేసి చూశాను. ఆ తెల్లదనంలోంచి వెనక కిటికీ ఊచలు లెక్కపెట్టొచ్చు. ఫోన్ నైట్ మోడ్‌లో ఒకసారి నొక్కితే తీసేది ఒక్క ఫొటో కాదు. రెండు మూడు సెకన్లపాటు వరసగా చాలా ఫొటోలు తీసి ఒకటిగా కలుపుతుంది. ఆలోగా ఎవరైనా అటు నడిస్తే, కదలని ఊచలు గట్టిగా పడతాయి, నడిచిన మనిషి పొగలా పడతాడు. దెయ్యం సంగతి నా మట్టుకు అక్కడితో తేలిపోయింది.

తేలనిది ఇంకోటి ఉంది. ముఖం లేని, జుట్టు కనపడని ఆ ఆకారం ఆడమనిషేనని అందరం ఎలా అనుకున్నాం?

ఇంగ్లండ్‌లో నార్‌ఫోక్ ప్రాంతంలోని రేన్‌హామ్ హాల్ మెట్ల మీద 1936లో తీసిన దెయ్యం ఫొటోని ‘కంట్రీ లైఫ్’ పత్రిక వేసింది. ఇలాంటి ఫొటోల్లో బాగా పేరుపడ్డది అదే. అదీ ఆడమనిషే, 1726లో పోయిన డొరతీ వాల్‌పోల్ అంటారు. భర్త ఆమెను ఇంట్లో బంధించాడని కథ. రికార్డుల్లో మాత్రం మశూచితో పోయిందని ఉంది.

మన దగ్గర కథలు కల్పించక్కర్లేదు, లెక్కలే ఉన్నాయి. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ ముందుమాటలో గురజాడ రాశారు. విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్కం పెళ్లిళ్లకు విజయనగరం మహారాజా వారు జాబితా తయారు చేయిస్తే 1034 తేలాయట. అందులో ఐదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44 మంది, మూడేళ్లవాళ్లు 36 మంది. ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ముందుమాట చదివిన ప్రతిసారీ నాకు ఆ ముగ్గురి దగ్గరే చూపు ఆగిపోతుంది. ఇలాంటి పిల్లల్లో మొగుడు పోయినవాళ్లు మిగిలిన బతుకంతా ఎక్కడ వెళ్లదీశారు? ఇలాంటి లోగిళ్ల వెనక గదుల్లోనే.

ఆ ఇంటి పక్కనే ఉండే ఎనభై దాటిన మామ్మగారిని అడిగాను.

“దెయ్యమేటి బాబూ! ఆ వెనక గదిలో మా నాన్నగారి మేనత్త ఉండేది. ఎనిమిదో ఏట మొగుడు పోయాడు. తెల్ల పంచె, గుండు, ఒంటిపూట మడి వంట. నాకు పప్పుచెక్కలు దాచిపెట్టేది.”

గది చూపించారు. నిలబడితే తల దూలానికి తగులుతుంది. దీపం గూడు పైన మసి, ఎన్నిసార్లు సున్నం వేశారో గానీ, ఇంకా నల్లగానే ఉంది. గూటి కింద గోడ నున్నబడి ఉంది, వీపు ఆనించి కూర్చున్నంత మేర.

ఆవిడ పేరేమిటని అడిగాను. మామ్మగారు చాలాసేపు ఆలోచించారు.

“అత్త అనే పిలిచేవాళ్లం.”

దెయ్యాల కొంపని పేరు పడ్డాక ఆ ఇంటిని కూల్చేస్తామంటే అడ్డం పడేవాళ్లెవరూ ఉండరు. అప్పటికే అమ్మకం మాటలు నడుస్తున్నాయన్నారు. ఆ గూటిని, ఆ గోడని ఫొటో తీసుకుని వచ్చాను. పగటిపూటే.