రేవు దిగినవారి కొనుగోళ్లు: ఒక సమర్థన

క్రూజ్ యాత్రలు చేసి వస్తున్న మన హైదరాబాద్ కుటుంబాల మీద ఈ మధ్య ఒక నింద గట్టిగా వినిపిస్తోంది. సింగపూర్‌లో ఓడ ఎక్కి, మలేసియాలోని పెనాంగ్‌లోనో థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లోనో దిగి, ఊరి మొహమైనా చూడకుండా ఎదురుగా కనిపించిన దుకాణంలో దూరి, కీచైన్లూ ఫ్రిజ్ మాగ్నెట్లూ సంచులకొద్దీ కొనుక్కుని, మళ్లీ ఓడెక్కి వచ్చేస్తున్నారన్నది ఆ నింద. దాన్ని మోపుతున్నవారు సామాన్యులు కారు. వెళ్లబోయే ఊరి గురించి ముందుగా చదువుకుని బయల్దేరేవారు, కొందరైతే మ్యూజియానికి టికెట్టు కొని లోపలికి కూడా వెళ్లేవారు. వారు చెబుతున్నదంతా అక్షరాలా నిజం కాబట్టి ఖండించే ప్రయత్నం చేయకుండా, ఆ పని ఎందుకు సమంజసమో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా కాలం లెక్క తేల్చుకుందాం. ఓడ పొద్దున రేవు చేరి సాయంత్రానికి బయల్దేరుతుందని అనుకుంటే, అందులో దిగడానికి నిలబడిన వరుస, పాస్‌పోర్టు తనిఖీ దగ్గర వరుస, ట్యాక్సీ బేరం, తిరిగి ఎక్కేటప్పుడు సంచులను ఎక్స్‌రే యంత్రంలో పెట్టే వరుస తీసివేయాలి. బయల్దేరే వేళకు కనీసం అరగంట ముందే అందరూ ఓడలో ఉండాలి. సొంతంగా ఊళ్లోకి వెళ్లి ఆలస్యం చేసినవారి కోసం ఓడ ఆగదు. ఫుకెట్‌లోని పటోంగ్ తీరంలోనైతే ఓడ సముద్రంలోనే లంగరు వేస్తుంది, చిన్న పడవల్లో ఒడ్డుకు తీసుకెళ్లి తిరిగి వాటిలోనే తెస్తారు గనుక మరికొంత సమయం నీళ్లపాలవుతుంది. చివరికి చేతిలో మిగిలేది నాలుగైదు గంటలు.

ఇప్పుడు ఆ నాలుగైదు గంటల ముందు జార్జ్‌టౌన్‌ను పెట్టి చూడండి. 1786లో ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ లైట్ పెనాంగ్‌లో నెలకొల్పిన ఊరు అది. 2008లో యునెస్కో దాన్ని మలక్కాతో కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 1818 నాటి సెయింట్ జార్జ్ చర్చి, చైనీయుల కరుణాదేవి గుడి, 1833లో కట్టిన మహా మారియమ్మన్ కోవెల, కాపిటన్ కెలింగ్ మసీదు, ఇవన్నీ ఒకదాని నుంచి మరొకదానికి నడిచి వెళ్లేంత దగ్గరలో ఉన్నాయి. ఇంతటి ఊరిని ఒక్క పూటలో చూసేశామని చెప్పుకోవడంకన్నా ఆ ఊరికి చేయగల అవమానం మరొకటి ఉండదు. ఫ్రిజ్ మాగ్నెట్ సంగతి వేరు. దాన్ని నాలుగు గంటలపాటు, తిప్పి తిప్పి, క్షుణ్ణంగా చూడవచ్చు.

మనవాళ్లు చూస్తారు కూడా. రేవు దగ్గరి దుకాణంలో ఒక కూకట్‌పల్లి గృహిణి పని తీరును గమనించినవారెవరూ ఆమెకు పరిశీలనాశక్తి లేదని అనలేరు. ఎడమచేతిలోని ఫోన్‌లో పేర్ల జాబితా ఉంటుంది. కుడిచేత్తో ఒక్కో మాగ్నెట్ తీసి, వెనక జిగురు ఊడుతుందేమో గోటితో గీకి చూసి, సైకిలు తొక్కుతున్న పిల్లల బొమ్మలో రంగు గీత దాటిందని పక్కన పెట్టి, మరొకటి తీస్తుంది. దుకాణదారు కాలిక్యులేటర్ మీద ధర నొక్కి ఇటు తిప్పితే, ఆమె సగం నొక్కి అటు తిప్పుతుంది. ఇద్దరి మధ్యా ఉమ్మడి భాష ఒక్క ముక్క లేదు, అయినా సుల్తాన్ బజార్‌లో మాదిరిగా పది అడుగులు వేసి వెళ్లిపోతున్నట్టు నటించడం, వెనకనుంచి పిలుపు రావడం, చివరికి ఒకటి కొసరు పడటం ఏ లోపమూ లేకుండా జరిగిపోతాయి. ఇద్దరు మనుషుల మధ్య ఇంత లోతైన పరిచయం ఏ మ్యూజియంలో సాధ్యమో విమర్శకులు చెప్పాలి. భర్త మాత్రం ఈ సమయమంతా బయట బెంచీ మీద కూర్చుని, రింగిట్టును రూపాయిల్లోకి మార్చి చూసుకుంటూ, మనసులోనే ఆ ఊరి వేడిమిని అనుభవిస్తుంటాడు.

స్థానిక పురాణాలు తెలుసుకోకుండా వాటి బొమ్మలు కొంటున్నారన్నది రెండో ఆరోపణ. దీనికి సింగపూర్ మెర్లయనే జవాబు. సింహం తల, చేప ఒళ్లు గల ఆ జీవికి పురాణమంటూ ఏదీ లేదు. 1964లో అక్కడి పర్యాటక సంస్థ చిహ్నంగా గీయించుకున్న బొమ్మ అది. ఆ తర్వాత 1972లో నది సముద్రంలో కలిసే చోట 8.6 మీటర్ల ఎత్తున విగ్రహం వెలసింది. అంటే యాత్రికుల కోసమే పుట్టిన ఆ జీవిని యాత్రికులు కొనకపోతే దాని జన్మకు సార్థకత ఏముంది? పురాణం లేని లోటును మన ఇళ్లలో పెద్దవాళ్లు తీరుస్తున్నారు. బొమ్మల కొలువులో మెర్లయన్‌ను దశావతారాల మెట్టు మీదే కూర్చోబెట్టిన ఒక బామ్మగారు, మత్స్యావతారమూ నరసింహావతారమూ ఒకే బొమ్మలో రావడం వల్ల ఒక బొమ్మ ఖర్చు కలిసి వచ్చిందని సంతోషించారు.

అసలు విషయానికి వస్తే, ఈ వస్తువులు కొన్నవారి కోసం కొన్నవి కావు. తిరుమల వెళ్లొచ్చి లడ్డూ పంచనివాడిని, కాశీ వెళ్లొచ్చి దారం ఇవ్వనివాడిని మనం యాత్రికుడిగా లెక్కవేయం; సముద్రయానానికి వేరే నియమం ఎందుకుంటుంది? పంపిణీకి కూడా ఒక క్రమం ఉంది. వియ్యాలవారికి చాక్లెట్ల పెద్ద పెట్టె, మోకాళ్ల నొప్పుల మేనత్తకు టైగర్ బామ్, ఆఫీసువాళ్లకు విడి చాక్లెట్లు, తోడికోడలికి తాను ఉంచుకున్నదానికన్నా కొంచెం చిన్న హ్యాండ్‌బ్యాగు, వాచ్‌మన్‌కు కీచైను. పొరుగువారికి మాగ్నెట్. ఇక్కడ ఒక సాంకేతిక సమస్య ఉన్నదని ఒప్పుకోవాలి: గాజు తలుపుల ఫ్రిజ్‌లు వచ్చాక మాగ్నెట్లు అంటుకోక జారి కింద పడుతున్నాయి. పడినా ఎవరూ ఫిర్యాదు చేయలేదు, ఎందుకంటే ఇచ్చినవారు చూసే వరకు అది నిలబడితే చాలు.

చట్టాలు కూడా ఈ వర్గం మీద కఠినంగానే ఉన్నాయి. రేవులో కొన్న మద్యం సీసాను చాలా ఓడల్లో ఎక్కేటప్పుడే తీసుకుని ఆఖరిరోజు వరకు దాచిపెడతారు. షోకేసు కోసం కొన్న పిడిబాకుకూ అదే గతి పడుతుంది. తాబేటి చిప్పతో చేసిన దువ్వెనలు, పగడపు కొమ్మలు, ఎండిన సముద్రగుర్రాలు ముచ్చటపడి తెచ్చుకుంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం విమానాశ్రయంలో ఎదురొస్తుంది. ప్లాస్టిక్ మాగ్నెట్‌ను ఇంతవరకు ఏ చట్టమూ ముట్టుకోలేదు, అది ఏ ప్రాణికీ చెందినది కాదు గనుక.

ఏ దేశానికి చెందినదన్నది మాత్రం సున్నితమైన ప్రశ్న. రాత్రి ఓడ గదిలో మంచం మీద కొన్నవన్నీ పరచుకుని, 'మేడ్ ఇన్ చైనా' అన్న చీటీలను గోటితో ఒలిచి, మిగిలిన జిగురును కొబ్బరినూనెతో తుడిచే కార్యక్రమం చాలా కుటుంబాల్లో శ్రద్ధగా జరుగుతుంది. జెజియాంగ్ రాష్ట్రంలోని యివూ పట్టణంలో చిల్లర సామాన్ల మహా టోకు సంత ఉంది. లోకంలోని రేవులకు చేరే జ్ఞాపికల్లో చాలావాటికి పుట్టిల్లు అదే. థాయ్‌లాండ్ గుర్తుగా మనం తొడుక్కునే ఏనుగు బొమ్మల పైజామాలు సైతం చైనా నుంచి వచ్చిపడుతున్నాయని 2024లో ఆ దేశ ప్రభుత్వమే కలవరపడింది. యివూకు సముద్రం లేదు, కాబట్టి ఏ క్రూజూ అక్కడికి వెళ్లలేదు. ఇందులో ఆశ్చర్యపోయే హక్కు మనకు అసలే లేదు. సముద్రం లేకుండానే ముత్యాల నగరమనిపించుకున్నది మన ఊరు. ఒకప్పుడు బస్రా నుంచి, ఇప్పుడు ఎక్కువగా చైనా మంచినీటి చెరువుల నుంచి వచ్చిన ముత్యాలను దారానికి గుచ్చి పత్తర్‌గట్టిలో పరాయి యాత్రికులకు అమ్ముతున్నాం, వారు హైదరాబాద్ గుర్తుగా కళ్లకద్దుకుని పట్టుకెళుతున్నారు.

ఇంత తెలిశాక కొందరు పొదుపరులు ఒక సూచన చేస్తున్నారు. బయల్దేరే ముందే బేగంబజార్‌కు వెళ్లి ఇవే వస్తువులను డజన్ల లెక్కన కొని ఇంట్లో పెట్టుకుని వెళ్తే, డబ్బూ మిగులుతుంది, విమానంలో బరువూ తగ్గుతుంది కదా అని. పైకి తెలివైన మాటలాగే కనిపించే ఈ సూచనను నేను తీవ్రంగా వ్యతిరేకిస్తున్నాను. కొనవలసినదేదీ లేకుండా ఒక మనిషిని భార్యాబిడ్డలతో సహా జార్జ్‌టౌన్ రేవులో దించితే, నాలుగైదు గంటలపాటు అతను ఏం చేయాలి? ఆ ఊరిని చూడటం తప్ప అతనికి దారేముంటుంది?

అలా చూసిన ఒక పెద్దమనిషి మా కాలనీలోనే ఉన్నారు. ఆయన ఏమీ కొనలేదు. రేవు నుంచి నడుచుకుంటూ చైనా వలసదారుల జెట్టీలకు వెళ్లి, నీళ్లలో పాతిన గుంజల మీద కట్టిన చెక్క ఇళ్లను, ఒక్కో జెట్టీకి ఒక్కో ఇంటిపేరున్న ఆ వాడలను, చూ అన్న ఇంటిపేరువాళ్లది ఒకటి, లిం అన్నవాళ్లది మరొకటి, తిరిగి చూసి వచ్చారు. వచ్చాక సాయంత్రం వాకింగ్‌లో అందరికీ వాటి గురించి ఎంతో చక్కగా చెప్పారు కూడా. అందరూ మర్యాదగా విన్నారు. ఆయన మలుపు తిరిగాక, "చాక్లెట్ కాదు గదా, కీచైన్ కూడా ఇవ్వలేదేమిటండీ" అని ఒకరు సందేహం వెలిబుచ్చారు. విశాఖపట్నంలో కూడా 2023లో క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైందని, బహుశా ఆయన అక్కడి వరకు వెళ్లి చూసి వచ్చి ఉంటారని మిగతావారు నిర్ధారణకు వచ్చారు.