బిల్డింగులు చాలు, ఇక చిప్పులు చేయిద్దాం

నెల్లూరు, ఒంగోలు వాళ్లం అమెరికాలో ఎక్కడ కలిసినా ఈమధ్య మాట సెమీకండక్టర్ల మీదికి, అంటే సిలికాన్ చిప్పుల మీదికి పోతోంది. ఆ సిలికాన్ వచ్చేది ఇసుక నుంచే. పోగానే ఎవరో ఒకరు అందుకుంటారు: "సిలికా ఇసుక మనదే కదండీ, చిల్లకూరు, కోట దగ్గర కావలసినంత." ఇసుక మాట నిజమే. గాజు ఫ్యాక్టరీలకు లారీల మీద పోతూనే ఉంది. అయితే మన దగ్గర చిప్పు రీసెర్చ్ సాగకపోవడానికి ఇసుక కొరత కారణం కాదు. చిప్పు గీసి, చేయించి, బల్ల మీద పెట్టి కొలిచి చూసిన మాస్టారు మన జిల్లా కాలేజీల్లో దొరకడం కష్టం. నేను పుట్టింది కావలి, తిండి పెడుతున్నది చిప్ డిజైన్. ఈ విషయంలో నాకు కొంచెం కోపం ఉంది, దాచుకోను.

డబ్బుకు కొదవ లేదు. 2021 డిసెంబరులో కేంద్రం సెమీకండక్టర్ల కోసం రూ. 76,000 కోట్ల పథకం ప్రకటించింది. 2025 ఆగస్టులో ఆమోదం పొందిన ప్రాజెక్టుల్లో చిప్ ప్యాకేజింగ్ యూనిట్ ఒకటి ఆంధ్రప్రదేశ్‌కూ వచ్చింది. 'చిప్స్ టు స్టార్టప్' అనే కేంద్ర పథకం కింద 85,000 మంది ఇంజినీర్లను తయారుచేస్తామంటున్నారు. బాగుంది. వాళ్లకు పాఠం చెప్పేదెవరు?

మన ఈసీఈ డిపార్ట్‌మెంట్లలో వీఎల్ఎస్ఐ (చిప్ డిజైన్) ల్యాబ్ అంటే చాలాచోట్ల వరుసగా కంప్యూటర్లు. సర్క్యూట్‌ను వర్ణించే వెరిలాగ్ కోడ్ కొట్టడం, వేవ్‌ఫామ్ ప్రింట్ తీయడం, రికార్డులో అంటించడం, సంతకం. చెప్పే మాస్టారు కూడా అలాగే చదువుకుని వచ్చారు, ఆయన్ని అనేం లాభం? పీహెచ్‌డీ అయినా అంతే, మొత్తం సిమ్యులేషన్‌లోనే, అంటే కంప్యూటర్ లెక్కల్లోనే నడిచిపోతుంది. కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే న్యాక్ వచ్చినా, ర్యాంకింగ్ వచ్చినా అడిగేది పేపర్ల లెక్క. సిమ్యులేషన్ మీద ఏడాదికి నాలుగు పేపర్లు పంపే మనిషి చురుకైనవాడు. చిప్పు చేయించి రెండేళ్లకు ఒక్క పేపర్ రాసేవాడు సోమరి. ఇలా కొలిచినంతకాలం ఎవరు మాత్రం చిప్పు జోలికి పోతారు?

అసలు పని ఎలా ఉంటుందో చెప్తాను. ఏ సెన్సర్ సిగ్నల్‌నో డిజిటల్‌గా మార్చే సర్క్యూట్ అనుకుందాం. గీయడానికి, లేఅవుట్ వేయడానికి ఆరేడు నెలలు. చిప్పు తయారుచేసే ఫ్యాబ్ పెట్టిన రూల్స్ అన్నీ పాటించామా, లేఅవుటూ సర్క్యూటూ ఒకటేనా అని చివరి వారమంతా చెకింగ్. టేపవుట్ అయ్యాక, అంటే డిజైన్ ఫ్యాబ్‌కు పంపాక మూడు నాలుగు నెలలు ఎదురుచూపులు, ఒక్కోసారి ఆరు. ఆఖరికి ఒక చిన్న డబ్బాలో, గోరు మీద పది పెట్టినా ఇంకా చోటు మిగిలేంత ముక్కలు వస్తాయి. వాటిలో ఒకదాన్ని బోర్డు మీద అతికించి, వెంట్రుకలో మూడో వంతు మందం ఉండే తీగలతో మైక్రోస్కోప్ కింద బాండింగ్ చేయాలి. తర్వాత సప్లై ఆన్ చేసి అందరూ చూసేది ఒక్కటే, కరెంట్ ఎంత లాగుతోందని. రెండు మిల్లీఆంప్స్ రావలసిన చోట రెండొందలు చూపించిందంటే లోపల ఎక్కడో షార్ట్. ఇక ఆ నెల పండగలు లేవు. సిమ్యులేషన్‌లో కనపడని నాయిస్, పక్క బ్లాక్ నుంచి దూరే గ్లిచ్, బోర్డు మీద పెట్టడం మర్చిపోయిన కెపాసిటర్, ఒక్కొక్కటీ పట్టుకునేసరికి వచ్చే చదువు ఏ పుస్తకంలోనూ లేదు. ఏటా ఫిబ్రవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగే సర్క్యూట్ల సదస్సు ఐఎస్ఎస్‌సీసీ 1954లో మొదలైంది. సర్క్యూట్ల వాళ్లకు అంతకు మించిన వేదిక లేదు. అక్కడ సర్క్యూట్ పేపర్‌కు చోటు దొరకాలంటే కొలిచిన చిప్పు చూపించాల్సిందే.

ఈ దారిలో పోదామనుకునే పిల్లలకు ఇంట్లో ఎదురయ్యేది ఇంకో రకం పరీక్ష. బీటెక్ తర్వాత నాలుగో ఏడు కూడా ల్యాబ్‌లోనే ఉన్నవాణ్ని పెళ్లిలో పెదనాన్న ఆపి, "ఏందబ్బయా, ఇంకా చదవతానే ఉండావా?" అంటాడు. నెల్లూరు రొట్టెల పండగలో స్వర్ణాల చెరువు దగ్గర ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, ఇంటి రొట్టె, వీసా రొట్టె అన్నీ చేతులు మారుతుంటాయి. రీసెర్చ్ రొట్టె అడిగినవాణ్ని నేనింతవరకు చూడలేదు.

జీతాల మాట దాచి లాభం లేదు, కంపెనీలో ఎక్కువే వస్తుంది. అలాగని ప్రొఫెసరు అన్నానికి మొహం వాచిపోయేదేమీ లేదు. మన దేశంలో పీహెచ్‌డీ పిల్లలకిచ్చే జేఆర్ఎఫ్ నెలకు రూ. 37,000. ప్రధానమంత్రి ఫెలోషిప్ వస్తే మొదట్లోనే రూ. 70,000. ఐఐటీలో గ్రేడ్-1 అసిస్టెంట్ ప్రొఫెసర్ బేసిక్ రూ. 1,01,500తో మొదలు, డీఏ, హెచ్ఆర్ఏ దాని మీద. అమెరికాలో టెన్యూర్ (పర్మనెంట్ పోస్టు) తేలడానికి సుమారు ఆరేళ్లు టెన్షన్, ఈలోపు గ్రాంట్లు తేవాలి, పిల్లల చేత చిప్పులు పని చేయించాలి. కష్టమే. కానీ ఈ రంగంలో డాక్టరేట్ వృథాగా పోదు. యూనివర్సిటీలో పోస్టు రాకపోతే కంపెనీ తలుపు ఉంటుంది. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసిన మా కావలి మిత్రులకు ఆ భరోసా లేదు పాపం. అందరినీ రమ్మని మాత్రం అనను. కొలత తేడా వస్తే నిద్ర పట్టని రకం పిల్లలకే ఇది సరిపడుతుంది.

అమెరికా ఈ విద్యలో ముందుకు పోయింది ఎలాగో ఒకసారి చూడండి. 1978లో లిన్ కాన్వే అనే ఇంజినీర్ ఎంఐటీలో చిప్ డిజైన్ కోర్సు చెప్పారు. పిల్లలు గీసినవన్నీ కలిపి చేయించి, కోర్సు ముగిసిన కొద్ది వారాలకే ఎవరి చిప్పు వాళ్ల చేతికిచ్చారు. 1981లో మోసిస్ అనే సర్వీసు వచ్చి ఆ పద్ధతిని యూనివర్సిటీలన్నిటికీ తీసుకెళ్లింది. మన షేర్ ఆటో లెక్కే, ఒకే వేఫర్ (సిలికాన్ పలక) మీద పదిమంది డిజైన్లు, ఖర్చు తలా కాస్త.

మన దగ్గరా ఆ ఆటో ఇప్పుడు నడుస్తోంది. చిప్స్ టు స్టార్టప్‌లో ఉన్న కాలేజీలకు బెంగళూరులో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్‌లోని చిప్‌ఇన్ సెంటర్ ద్వారా డిజైన్ టూల్స్ ఇస్తున్నారు, మొహాలీ సెమీకండక్టర్ ల్యాబ్‌లో 180 నానోమీటర్లలో చిప్పులు చేసిస్తున్నారు. పాత టెక్నాలజీయే, పాతికేళ్ల నాటిది. అయినా 2024 డిసెంబరు 30 రాత్రి శ్రీహరికోట నుంచి లేచిన పీఎస్ఎల్‌వీ-సీ60ని మన వాళ్లు మిద్దెలెక్కి చూశారు కదా, అందులో పోయెమ్-4 (ప్రయోగాలకు వాడుకునే రాకెట్ చివరి దశ) కంప్యూటర్‌లో పనిచేసిన విక్రమ్-3201 ప్రాసెసర్ ఆ మొహాలీలో, ఆ 180 నానోమీటర్లలో తయారైందే. సెన్సర్లు, ఎనలాగ్ నేర్చుకునే పిల్లలకు అంతకన్నా ఏం కావాలి? దుమ్ము లేకుండా చిప్పులు చేసే క్లీన్‌రూమ్ చూడాలనుకునే మాస్టార్లకు ఐఐఎస్‌సీ, ఐఐటీ బాంబేలలో బయటివాళ్లను రానిచ్చే నానోఎలక్ట్రానిక్స్ యూజర్స్ ప్రోగ్రామ్ ఉంది.

ఇక అమెరికాలోని మన నెల్లూరు, ఒంగోలు వాళ్ల సంఘం సంగతి. ఊరికి ఏదన్నా చేద్దామంటే మనకు వెంటనే తట్టేది ఒక బ్లాకు కట్టించి, పాలరాతి మీద పేర్లు చెక్కించడం. లేదంటే "అమెరికాలో సెమీకండక్టర్ అవకాశాలు" అని జూమ్‌లో గంట ఉపన్యాసం. ఉపన్యాసాలు విని ఎవరూ లేఅవుట్ నేర్చుకోలేదు. కట్టించే ఒక ఏసీ ఆడిటోరియం డబ్బుతో ఒక కాలేజీలో మంచి టెస్ట్ బెంచ్ పెట్టొచ్చు: ఓసిల్లోస్కోప్, సోర్స్ మీటర్, మైక్రోస్కోప్, బోర్డులు చేయించే ఖర్చు. మిగిలిన దానితో ఏటా కొన్ని డిజైన్లకు షటిల్ ఛార్జీ, అంటే ఆ షేర్ ఆటో టికెట్టు, కట్టొచ్చు. చిప్ కంపెనీల్లో పనిచేసే మనవాళ్లు పదిహేను రోజులకోసారి కూర్చుని పిల్లల డిజైన్ రివ్యూ చేయాలి, తప్పు కనిపిస్తే మొహమాటపడకుండా చెప్పాలి. కంపెనీ రహస్యాలు చెప్పమనడం లేదు, బయాస్ కరెంట్ ఎందుకు తక్కువైందో చెప్పడానికి రహస్యాలు అక్కర్లేదు.

ఒంగోలు ట్రిపుల్ ఐటీతో మొదలుపెడితే మంచిదని నా అభిప్రాయం. అక్కడి పిల్లల్లో ఎక్కువమంది పల్లెల నుంచి, సర్కారు బడుల నుంచి వచ్చినవాళ్లు, చేతి పని అంటే వెనకాడరు. తర్వాత నెల్లూరులో ఒక ప్రైవేటు కాలేజీ చూద్దాం. ప్రైవేటు దగ్గర మాత్రం ఒక షరతు ముందే రాయించుకోవాలి. వేసవి వస్తే మన అసిస్టెంట్ ప్రొఫెసర్లు బ్రోషర్లు చేత పట్టుకుని ఇంటర్ పాసైన పిల్లల ఇళ్ల చుట్టూ అడ్మిషన్లకు తిరుగుతారు, తేవలసిన సీట్లకు టార్గెట్ ఉంటుంది. చిప్పు వచ్చి బల్ల మీద పడివుంటే మాస్టారు ఉదయగిరిలో ఎవరి అరుగు మీదో కూర్చుని ఫీజు రాయితీ గురించి మాట్లాడుతుంటారు. ప్రాజెక్టులో ఉన్న మాస్టారిని రెండేళ్లపాటు ఆ పనికి పంపబోమని యాజమాన్యం సంతకం పెట్టాలి. అది పడ్డాకే మనం చెక్కు రాయాలి.