సవరణ: ఎక్స్‌పోశాట్ ప్రపంచంలో మొదటిది కాదు

2024 జనవరి 1 ఉదయం తిరుపతిలో మా మిద్దె మీది నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ58 రాకెట్ పొగ చారను చూసిన సంగతి రాస్తూ, అది మోసుకెళ్లిన ఎక్స్‌పోశాట్ ఎక్స్ కిరణాల ధ్రువణాన్ని (వాటి తరంగాలు ఏ దిశలో కంపిస్తున్నాయన్నదాన్ని) కొలిచే ప్రపంచపు తొలి ఉపగ్రహమని మొన్నటి టపాలో పేర్కొన్నాను. అది నా పొరపాటు. ఇస్రో ప్రకటనల ప్రకారం అది ఆ పనికి ప్రత్యేకించిన భారతదేశపు తొలి ఉపగ్రహం. నాసా, ఇటలీ అంతరిక్ష సంస్థ కలిసి ఇదే పనికి రూపొందించిన ఐఎక్స్‌పీఈ ఉపగ్రహం 2021 డిసెంబరులోనే కక్ష్యకు చేరింది. అయితే ఐఎక్స్‌పీఈ 2 నుంచి 8 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల కిరణాలను పరిశీలిస్తుండగా, రామన్ పరిశోధన సంస్థ తయారుచేసిన, ఎక్స్‌పోశాట్‌లోని మన పోలిక్స్ పరికరం 8 నుంచి 30 వరకు కొలుస్తుంది కనుక, ఆలస్యంగా వెళ్లినంత మాత్రాన పునరుక్తి కాదు. ఎక్స్‌పోశాట్ గమనించే వాటిలో కృష్ణబిలాలు (బ్లాక్ హోల్స్) కూడా ఉన్నాయి కనుక, వాటి ఫొటోలు ఎప్పుడొస్తాయని కొందరు అడిగారు. పోలిక్స్ బొమ్మలు తీసే పరికరం కాదు.