సవరణ: చంపా 1471లో అంతరించలేదు

యూరోపా యూనివర్సాలిస్ 4 అనే చారిత్రక కంప్యూటర్ గేమ్‌లో, ఇప్పటి వియత్నాం మధ్య, దక్షిణ భాగాల్లో ఉండిన చంపా రాజ్యంతో ఆడటం గురించి పోయిన వారం రాస్తూ, 1471లో ఉత్తరాన ఉన్న వియత్నామీయుల రాజ్యం దాయ్ వియెత్ చేతిలో ఓడి చంపా చరిత్రలోంచే మాయమైందని అన్నాను. అది తప్పు.

ఆ ఏడాది దాయ్ వియెత్ చక్రవర్తి లే థాన్ తోంగ్ సైన్యానికి చిక్కింది చంపా రాజధాని విజయ. చాలా పెద్ద దెబ్బే, కాదనను. కానీ దక్షిణాన పాండురంగ అనే చామ్ (చంపా ప్రజల) రాజ్యం నిలబడింది. (పేరు వినగానే మనకు విఠోబా గుర్తొస్తాడు, విజయ, పాండురంగ రెండూ సంస్కృతం పేర్లే.) రానురాను కుంచించుకుపోయి, వియత్నాం పాలకులకు సామంతంగా మిగిలినా, 1832లో మిన్ మాంగ్ చక్రవర్తి పూర్తిగా కలిపేసుకునేదాకా దానికి ఉనికి ఉంది. ఆట 1444లో మొదలై 1821లో ముగుస్తుంది. అంటే ఆట నడిచే కాలమంతా నిజంగానే ఒక చామ్ రాజ్యం ఉందన్నమాట! ఈ సంగతి తెలిశాక చంపాతో ఆడటం మీద నాకు ఇష్టం ఇంకా పెరిగింది.

చామ్ ప్రజలు ఇవాళ్టికీ వియత్నాం, కంబోడియాల్లో ఉన్నారు. వాళ్లు కనుమరుగైపోయారన్నట్టు రాసినందుకు క్షమించండి.

దాయ్ వియెత్‌తో ఒంటరిగా తలపడొద్దు, ముందు పొత్తు చూసుకోండి అని ఆట గురించి పోయిన వారం ఇచ్చిన సలహాలో మాత్రం మార్పు లేదు.